పైన పటారం, లోన తుప్పు: పాత కార్ల మరమ్మతు తీరు మారాలి

సంపాదకులకు నమస్కారాలు.

పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ గురించి, తుక్కు విధానం గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. 600 రూపాయలుగా ఉండిన పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని 10,000 చేశారు. ఇంత కట్టి, తనిఖీకి తీసుకెళ్లి, మరో ఐదేళ్లు కారును ఉంచుకుందామనుకునే కుటుంబాలు మన ఊళ్లలో ఇప్పటికీ చాలానే ఉన్నాయి. వారిలో ఎక్కువ మంది ఇంజను సంగతి నమ్మకమైన మెకానిక్‌కు వదిలేసి, చేతిలో మిగిలిన డబ్బును పైరంగు మీద, లోపలి సీట్లు, డోర్ ప్యాడ్లు, రూఫ్ లైనింగ్, డ్యాష్‌బోర్డు మీద పెడతారు. ఆ డబ్బులో సింహభాగం లోపాన్ని బాగు చేయడానికి కాక కప్పిపుచ్చడానికే ఖర్చవుతోందన్నది నా ఫిర్యాదు. ఇంకా చాలా ఏళ్లు నడవగలిగిన బండి ఇలాంటి పనుల వల్లనే ముందుగా తుక్కు దారి పడుతోంది. ఈ విషయం మీదికి పాఠకుల దృష్టినీ, రవాణా శాఖ దృష్టినీ మళ్లించాలని ఈ లేఖ రాస్తున్నాను.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన నిజాం నాటి కార్ల వంటివాటి సంరక్షణ వేరు, దానికి వెచ్చించగలిగే సొమ్ము వేరు. నేను రాస్తున్నది ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడే మారుతి 800, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి జెన్, శాంట్రో వంటి మామూలు కార్ల గురించి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. ఇంజను సామాన్లు ఇప్పటికీ ఏదో ఒక షాపులో దొరుకుతాయి గాని, డోర్ ప్యాడ్ అంచున ఉండే ప్లాస్టిక్ పట్టీ, గ్లవ్ బాక్సు మూత, అసలు రంగు రెక్సిన్, అద్దం చుట్టూ ఉండే బీడింగ్ వంటివి ఒకసారి విరగ్గొట్టుకుంటే తుక్కు దుకాణాల్లో వెతుక్కోవడం తప్ప గత్యంతరం ఉండదు. అందువల్ల కారులో ఇప్పటికే ఉన్న అసలు సామానును వీలైనంత వరకు నిలబెట్టుకోవడం మమకారం కోసమే కాదు, ఖర్చు లెక్కలోనూ మేలైన పని.

కాని మన షాపుల్లో జరుగుతున్నదేమిటి? యజమాని వచ్చి ‘కొత్తదానిలా కనబడాలి’ అంటాడు. షాపువారు ఆ మాటను అక్షరాలా పాటిస్తారు. చిరిగిన సీటు మీద కొత్త కవరు తొడుగుతారు. తడిసి ముక్కిన కార్పెట్ మీద ఫ్లోర్ లామినేషన్ పరుస్తారు. వేలాడుతున్న రూఫ్ లైనింగ్ మీద మరో గుడ్డ అంటిస్తారు. పగిలిన డ్యాష్‌బోర్డుకు మెరుపు ద్రావకం పూస్తారు. తుప్పు మీద లప్పం పెట్టి రంగు కొడతారు. బండి బయటికి వచ్చిన రోజు అందరూ మెచ్చుకుంటారు. పని చేసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అడిగిందే వారు చేశారు. లోపల ఏముందో చూసి చెప్పమని అడిగిన యజమానీ, చూడడానికి పట్టే సమయానికి కూలి ఇస్తానన్న యజమానీ అరుదు.

అన్నిటికంటే ముందు చూడవలసింది కారు నేల. కోస్తా జిల్లాల్లో పాత కారు చావు సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. ఫ్లోర్ లామినేషన్ అనే మందపాటి షీటు నీటిని పైనుంచి రానివ్వదన్నది నిజమే; అయితే పాత కారులో నీరు పైనుంచి మాత్రమే రాదు. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండకు గట్టిపడి మూలల్లో ఖాళీ ఇస్తే అక్కడి నుంచి దిగుతుంది. బానెట్ వెనుక, వైపర్ల కింద ఉన్న తొట్టి వంటి భాగంలో వేపాకులు చేరి నీటి దారి మూసుకుపోతే అక్కడి నుంచి దిగుతుంది. డోరులోంచి కూడా వస్తుంది. ఇలా దిగిన నీరు షీటు కింద, కార్పెట్ అడుగున ఉండే నార పరుపులో చేరి, ఆవిరై పోయే దారి లేక నెలల తరబడి రేకును తడిగానే ఉంచుతుంది. పైన మాత్రం అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. కారెక్కగానే ముక్కిన వాసన వస్తే చాలామంది చేసేది సుగంధపు సీసా ఒకటి కొని డ్యాష్‌బోర్డు మీద పెట్టడం! చేయవలసింది ముందు సీట్లు విప్పి, కార్పెట్ లేపి, రేకును చేత్తో తడిమి చూడడం. సీటుకు నాలుగు బోల్టులు. కార్పెట్‌కు గుమ్మం దగ్గర పట్టీలు, వాటికి స్క్రూలు. ఒక పూట పని.

డోరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లోపలి అలంకరణ పాడవడానికీ, తుప్పు పట్టడానికీ ఉన్న సంబంధం అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. మారుతి 800 వంటి కార్లలో డోర్ ప్యాడ్ అంటే రెక్సిన్ తొడిగిన అట్టపలక. గ్లాసు దిగే చోట ఉన్న రబ్బరు పెదవుల పక్కనుంచి వాన నీరు డోరు లోపలికి జారడం సహజం; తయారీదారుకు ఆ సంగతి తెలుసు కనుకనే డోరు అడుగు అంచులో నీరు పోవడానికి రంధ్రాలు పెట్టాడు, ప్యాడ్ వెనుక జిగట పట్టీతో పాలిథిన్ షీటు అతికించాడు. ఆ షీటు ఉన్నంతకాలం నీరు రేకు వెంబడే జారి రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ఎప్పుడో గ్లాసు ఎక్కడం లేదని డోరు విప్పిన మెకానిక్ ఆ షీటును చింపి అవతల పారేస్తాడు. కారు నడవడానికి దానితో పని లేదు గనుక ఎవరూ అడగరు. అప్పటి నుంచి నీరు నేరుగా అట్ట మీద పడుతుంది. అట్ట కింది భాగం ఉబ్బుతుంది, క్లిప్పులు పట్టుకునే రంధ్రాలు చిరిగిపోతాయి, ప్యాడ్ డోరుకు దూరంగా జరిగి లొటలొటలాడుతుంది. అప్పుడు షాపులో ప్యాడ్ మీద కొత్త రెక్సిన్ తొడిగి, రేకుకే స్క్రూలు బిగిస్తారు. ఒక్కొక్క స్క్రూ రంధ్రం తుప్పుకు కొత్త వాకిలి. డోరు అడుగు రంధ్రాలు మట్టితో గాని, పాత రంగు పని నాటి లప్పంతో గాని మూసుకుపోయి ఉంటే పరిస్థితి మరీ అన్యాయం.

సరిగా చేయడం కష్టమేమీ కాదు. గ్లాసు తిప్పే హ్యాండిల్ వెనుక గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ప్యాడ్ చిరుగుతుంది, క్లిప్పు ఎగిరి ఎక్కడో పడుతుంది. హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య సన్నని బట్ట ముక్క దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే ఆ క్లిప్పు తనంతట తానే జారి బయటికి వస్తుంది. తర్వాత ప్యాడ్‌ను క్లిప్పు ఉన్న చోటే వెడల్పాటి ప్లాస్టిక్ బద్దతో లేపాలి. మూలను పట్టుకుని లాగితే నానిన అట్ట విరిగిపోతుంది. విప్పిన ప్యాడ్‌ను బల్లపరుపు మీద బరువు పెట్టి నీడలో ఆరనిచ్చి, చిరిగిన క్లిప్పు రంధ్రాల వెనుక సన్నని ప్లైవుడ్ గాని, ఫైబర్ ముక్క గాని అతికించి కొత్త రంధ్రం చేసుకోవచ్చు. అట్ట పూర్తిగా ముక్కలైపోతే దాని ఆకారంలోనే కొత్త పలక కోసి, అంచులకు నీరు పీల్చని పూత వేసి, పాత రెక్సిన్‌నే జాగ్రత్తగా ఒలిచి దాని మీద తొడగవచ్చు. డోరు మూసే ముందు కొత్త పాలిథిన్ షీటు తప్పనిసరిగా అతికించాలి. దాని ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

రూఫ్ లైనింగ్ విషయంలో పాత కార్లు రెండు రకాలు. రేకు కింద తీగలు బిగించి, వాటికి గుడ్డనో రెక్సిన్‌నో లాగి కట్టినవి ఒక రకం. అచ్చు పోసిన అట్టకు పల్చటి స్పాంజి, దాని మీద గుడ్డ అతికించినవి రెండో రకం. రెండో రకంలో గుడ్డ వేలాడుతోందంటే జిగురు విడిపోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి చాలాసార్లు పాడైంది స్పాంజి. ఏళ్ల తరబడి వేడికి అది పిండి పిండిగా రాలిపోతుంది. ఆ పిండి మీద ఎంత మంచి జిగురు కొట్టినా పట్టుకునేది ఏముంటుంది? గుడ్డకు సూదితో జిగురు ఎక్కించడం, గుండుసూదులు గుచ్చడం, బొత్తాలు కొట్టడం అన్నీ నాలుగు రోజుల ముచ్చట. అట్టను కారులోంచి బయటికి తీసి, మెత్తటి బ్రష్షుతో పాత స్పాంజి అంతా రాల్చి, వేడికి తట్టుకునే జిగురును అట్టకూ కొత్త గుడ్డకూ రెండింటికీ పూసి, జిగురు చేతికి అంటనంతగా ఆరిన తర్వాత మధ్యనుంచి అంచులకు చేత్తో నిమురుతూ అతికించాలి. కొత్త గుడ్డ వెనుక కూడా స్పాంజి పొర ఉండాలి. లేకపోతే అట్ట మీది ప్రతి గతుకూ పైకి కనిపిస్తుంది.

డ్యాష్‌బోర్డుకు మన ఎండలే శత్రువు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కుతుంది. రెక్సిన్ గాని, డ్యాష్‌బోర్డు పైపొర గాని మెత్తగా ఉండడానికి పీవీసీలో కలిపిన నూనె వంటి పదార్థాలు ఆ వేడికి మెల్లగా బయటికి వచ్చేస్తాయి. ముందు అద్దం లోపలి వైపు ఎంత తుడిచినా మళ్లీ మళ్లీ పట్టే జిడ్డుపొర చాలావరకు అదే. నూనె పోయిన పీవీసీ కుంచించుకుపోయి, బిగిసి, చివరికి పగులుతుంది. దానికి పైనుంచి సిలికాన్ మెరుపు ద్రావకం పూస్తే పోయిన పదార్థం తిరిగి రాదు. పైపెచ్చు ఎండలో డ్యాష్‌బోర్డు ప్రతిబింబం ముందు అద్దంలో పడి దారి సరిగా కనబడదు. ఆ సిలికాన్ వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. తర్వాత ఎప్పుడైనా ఆ భాగానికో, దగ్గరలో ఉన్న డోరు అంచులకో రంగు వేయవలసి వస్తే రంగు ఒక చోట నిలవకుండా చుక్కలు చుక్కలుగా విడిపోయి గుంటలు పడుతుంది. పెయింటర్లు దీన్ని ఫిష్ ఐ అంటారు, రంగు కంపెనీని తిట్టుకుంటారు. కారు లోపల పూసిన మెరుపు బయటి రంగును చెడగొట్టిందన్న అనుమానం ఎవరికీ రాదు. గోరువెచ్చని నీటిలో కాస్త తేలికపాటి సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడవడం, ఎండలో నిలిపినప్పుడు అద్దానికి లోపలి వైపు అట్టో గుడ్డో అడ్డం పెట్టడం, డ్యాష్‌బోర్డుకు ఇంతకుమించి సేవ అక్కర్లేదు.

కొంచెం కొత్త కార్లలో, ముఖ్యంగా 2000 తర్వాత వచ్చిన కొన్నిటిలో, స్విచ్చుల చుట్టూ ఉండే ప్లాస్టిక్ చేతికి మెత్తగా తగలాలని పైన ఒక రబ్బరు వంటి పూత వేశారు. తేమకు ఆ పూత విచ్ఛిన్నమై బంకగా మారుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది త్వరగా వస్తుంది. దాని మీద పౌడరు చల్లేవారిని చూశాను! ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపికగా తుడిస్తే ఆ పూత పూర్తిగా ఊడివచ్చి అడుగున మామూలు ప్లాస్టిక్ బయటపడుతుంది. అయితే స్విచ్చుల మీది గుర్తులు కూడా పోవచ్చు కనుక ముందుగా కనబడని మూల పరీక్షించుకోవాలి.

వెలిసిపోయిన ప్లాస్టిక్‌కు రంగు వేయించాలనుకునేవారు ఆ భాగాన్ని విప్పి వెనుకవైపు చూడాలి. చాలా భాగాల వెనుక బాణపు గుర్తుల మధ్య పీపీ అనో, ఏబీఎస్ అనో ఇంగ్లిష్ అక్షరాలు అచ్చులో పోసి ఉంటాయి. ఏబీఎస్ అయితే నున్నగా రుద్ది, శుభ్రం చేసి రంగు వేస్తే నిలుస్తుంది. పీపీ, అంటే పాలీప్రొపిలీన్, ఏ రంగునూ తనంతట పట్టుకోదు. దానికి ముందుగా ప్లాస్టిక్ ప్రైమర్ వేయాల్సిందే. ఈ చిన్న తేడా చూడకపోవడం వల్లనే ఎంతో ముచ్చటపడి వేయించుకున్న రంగు గోటి గీతకు పొరలుగా లేచిపోతుంది. సీట్ బెల్టులకు మాత్రం రంగు గాని, బ్లీచింగ్ గాని ఏ పరిస్థితిలోనూ తగలనివ్వకూడదు. ప్రమాద సమయంలో మనిషిని ఆపవలసిన నేత అది, దాని బలం తగ్గితే పైకి తెలియదు.

సీట్ల పని చేసేవారిలో నేటికీ మంచి చేయి ఉన్నవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అంబాసిడర్, పద్మిని నాటి సీట్లలో స్ప్రింగుల మీద పీచు పరుపు ఉండేది. అది అణిగిపోతే పైకి రెక్సిన్ వదులై ముడతలు పడి, ఆ ముడతల దగ్గర చిరుగుతుంది. అప్పుడు కవరు తొడగడం కాక పరుపును మళ్లీ నింపాలి. చిరుగు చిన్నదైతే లోపలి వైపు నుంచి గట్టి బట్ట అతికించి, రెక్సిన్‌ను వేడిగాలితో మెత్తబరిచి అంచులు కలపవచ్చు. అసలు రంగు రెక్సిన్ ముక్క కావాలంటే వెనుక సీటు అడుగున, ఎవరికీ కనబడని మడతలో దొరుకుతుంది. కుట్లు విప్పుకుపోయినచోట నూలు దారం కాక పాలిస్టర్ దారం వాడించాలి. చెమట, తేమ నూలును కుళ్లబెడతాయి. తోలు సీట్లకు అరిగేది చాలావరకు తోలు కాదు, దాని మీది రంగు పూత; దానికి ప్రత్యేకమైన నీటి ఆధారిత రంగులు, పై పూతలు ఉన్నాయి. బూటు పాలిష్ పూస్తే మన బట్టలకు అంటుతుంది, అంతే.

ఇక బయటి రంగు. అసలు రంగు మళ్లీ వేయించాలా వద్దా అన్న ప్రశ్నే మన దగ్గర ఎవరూ వేసుకోరు. కర్మాగారంలో వేసిన పూతలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి, అంటే ఇంచుమించు ఒక రాత కాగితం మందం. అంత పల్చని పొర అన్నేళ్లు నిలిచిందంటే దాని కింద రేకును శుద్ధి చేసి, ప్రైమర్ పట్టించి, కొలిమిలో కాల్చిన పద్ధతి కారణం. రోడ్డు పక్క షెడ్డులో ఎంత నేర్పరి అయినా ఆ పద్ధతిని యథాతథంగా తిరిగి చేయలేడు. కాబట్టి అసలు రంగు ఏ కొంచెం బతికి ఉన్నా దాన్ని బతికించుకోవడమే తెలివైన పని.

బతికి ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. కారును శుభ్రంగా కడిగి, ఎక్కడో ఒక మూల తెల్లని గుడ్డతో కొంచెం పాలిష్ రుద్ది చూడాలి. గుడ్డకు కారు రంగు అంటితే పైన క్లియర్ (రంగును కాపాడే పారదర్శకమైన పొర) లేని రంగు అని అర్థం. ఎండకు సున్నంలా తేలిన పై పొరను మాత్రం తీసేస్తే అడుగున అసలు రంగు ఉంటుంది. వెలిసి గులాబీ రంగుకు తిరిగిన ఎర్ర మారుతి బానెట్ మీద ఇలా అరచేతి మేర రుద్దితే అక్కడ మళ్లీ ఎరుపు తేలడం చూసినవారెవరూ వెంటనే రంగు కొట్టించమనరు. గుడ్డకు రంగు అంటకపోతే పైన క్లియర్ ఉన్నట్టు. ఆ క్లియర్ మసకబారితే పాలిష్‌తో తేరుకుంటుంది. పొట్టు పొట్టుగా లేచిపోతే మాత్రం పాలిష్‌తో ప్రయోజనం లేదు, ఆ భాగానికి మళ్లీ వేయించుకోవాలి. క్లియర్ పొర మందం 40, 50 మైక్రాన్లకు మించదు గనుక ఏటా మెషిన్ పాలిష్ చేయించే అలవాటు కూడా మంచిది కాదు. రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది.

తప్పనిసరిగా రంగు వేయించవలసి వచ్చినప్పుడు అందరూ చూసేది చివరి మెరుపు. అయితే మన్నిక నిర్ణయమయ్యేది లప్పం దగ్గర. సొట్టను వెనుకనుంచి కొట్టి వీలైనంత సమం చేసి, మిగిలిన కొద్దిపాటి గతుకుకే లప్పం పెట్టాలి. తుప్పు పట్టి చిల్లు పడిన చోట ఆ రేకును కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. చిల్లుకు లప్పం కుక్కి నున్నగా రుద్దడం మరమ్మతు కాదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతంతో డోరు అడుగులూ చక్రాల పై అంచులూ తడిమి చూస్తే, లప్పం మందంగా ఉన్నచోట అది పట్టుకోదు. వాపు చూసి బలుపు అనుకోకుండా ఉండడానికి ఇంతకంటే చౌకైన సాధనం లేదు.

మన షాపుల్లో బాగా పాతుకుపోయిన ఒక అలవాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లప్పం మీద నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దడం దాదాపు ప్రతిచోటా చూస్తాం. పాలిస్టర్ లప్పం నీటిని పీల్చుకుంటుంది. పూర్తిగా ఆరకముందే పైన ప్రైమర్, రంగు పడితే ఆ తడి లోపలే ఉండిపోయి రేకును తుప్పు పట్టిస్తుంది. మరుసటి ఏడాది రంగు కింద పొక్కులు లేచినప్పుడు నింద రంగు మీద పడుతుంది. లప్పాన్ని పొడిగా రుద్ది, వెంటనే ప్రైమర్ వేసి, ఆ ప్రైమర్‌ను నీటితో రుద్దుకోవచ్చు. పాత రంగు పొరల విషయంలో మాత్రం నీటితో రుద్దడమే మంచిది, ఎందుకంటే వెనుకటి పసుపు, ఎరుపు రంగుల్లో సీసపు పదార్థాలు వాడేవారు, ఆ దుమ్ము పీల్చకూడదు. ఇళ్ల రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి పెట్టిన నిబంధనలు 2016లో వచ్చాయి. అవి గృహ, అలంకరణ రంగులకు మాత్రమే వర్తిస్తాయి, కార్ల రంగులకు కాదు.

రంగు రకాలు కూడా ఒకదానితో ఒకటి పొసగాలి. పాత కారుకు ఎప్పుడో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వేశారా, ఎనామిల్ వేశారా, ఈమధ్య వాడే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపిన పీయూ (పాలీయురేథేన్) రంగు వేశారా అన్నది థిన్నర్ తడిపిన గుడ్డతో కనబడనిచోట రుద్ది తెలుసుకోవచ్చు. ఎన్‌సీ వెంటనే కరిగి గుడ్డకు అంటుతుంది, బాగా గట్టిపడిన పీయూ కదలదు. ఇది చూడకుండా ఎనామిల్ మీద ఘాటైన థిన్నర్ ఉన్న రంగు కొడితే అడుగు పొర ముడతలు పడి లేస్తుంది. వర్షాకాలంలో ఎన్‌సీ రంగు కొడితే గాలిలోని తేమ చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. దసరాకు బండి కావాలని ఆగస్టులో తొందరపెట్టే యజమానుల వల్ల ఈ ఇబ్బంది ఎక్కువ. గోదావరి జిల్లాల్లో ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. పొద్దుటి మంచు తగ్గే వరకు ఆగితే చాలు. రంగు కలిపించుకోవడానికి పెట్రోలు ట్యాంకు మూత తీసుకెళ్లడం మన ఆనవాయితీ. మంచిదే, కాని ఆ మూత కూడా వెలిసి ఉంటుంది కనుక ముందు సగం మూతను పాలిష్ చేసి, కారు ఒంటి రంగుకు ఏ సగం దగ్గరగా ఉందో చూసి కలిపించాలి.

చట్టం సంగతి కొద్దిగా. ఆర్‌సీలో కారు రంగు నమోదై ఉంటుంది. అదే రంగు తిరిగి వేయించుకుంటే ఇబ్బంది లేదు. వేరే రంగు అయితే రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. పాత జీపులకు సైనిక వాహనాల ముదురు ఆకుపచ్చ వేయించి మురిసిపోయే యువకులు గమనించవలసింది, కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితం. యాభై ఏళ్లు దాటిన కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నియమాలు 2021 జులైలో వచ్చాయి. 20,000 రూపాయల రుసుముతో ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. అయితే కారు అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. 1970ల తొలినాళ్ల అంబాసిడర్లు ఇప్పటికే ఆ వయసుకు వచ్చాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన తొలి మారుతి 800లు 2033లో వస్తాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ప్రకటించిన టురిన్ చార్టర్ అనే సంరక్షణ సూత్రాల పత్రం కూడా పూర్తిగా కొత్తగా చేయడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టడానికే మొదటి స్థానం ఇస్తుంది. మన తాతల కారుకు ఆ చార్టర్ ఎందుకు అనవచ్చు. అందులోని మాట మాత్రం మన జేబుకు కూడా అనుకూలమైనదే.

రవాణా శాఖకు నా విన్నపం ఇదీ. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వచ్చిన కారును తనిఖీ చేసేటప్పుడు పైరంగు మెరుపును కాక నేల రేకును, సీట్ బెల్టు బిగించిన చోట్లను, డోరు గుమ్మాల అడుగు భాగాలను కార్పెట్ లేపి చూడాలి. అలా చూస్తారని తెలిస్తే యజమానులు కూడా పై కవర్ల మీద కాక రేకు మీద ఖర్చు పెడతారు. రంగు మార్పు నమోదుకు ఏ పత్రాలు కావాలో ప్రతి కార్యాలయంలో తెలుగులో బోర్డు పెట్టాలి. ఇప్పుడు ఆ వివరం కోసం ఏజెంటును ఆశ్రయించవలసి వస్తోంది.

ఐటీఐలను నడిపే శాఖకు మరో విన్నపం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల చేయి తిరిగిన పెయింటర్లు, సీట్ల పనివారు ఎందరో ఉన్నారు. వారి దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఇంతకుముందు చెప్పిన రంగుల పొత్తు, లప్పం ఆరుదల వంటి సంగతులు బోధించే స్వల్పకాలిక తరగతులు పెడితే, అనుభవజ్ఞులైన మేస్త్రీలనే పాఠం చెప్పడానికి పిలిస్తే ఉభయతారకంగా ఉంటుంది. ఆ తరగతుల్లో మొదటి పాఠం మాస్కు గురించి కావాలి. పీయూ రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపర పీల్చినవారికి ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిపాటి తుంపరకే ఉబ్బసం వస్తుంది, ఆ వృత్తి మానుకోవడం తప్ప దారి ఉండదు. దాని వాసన తెలిసేసరికే మోతాదు మించిపోయి ఉంటుంది కనుక వాసన రావడం లేదన్నది భరోసా కాదు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని స్ప్రే గన్ పట్టుకున్న పెయింటర్ ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాడు. ఈ రంగుకు బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు కావాలి. చిన్న షాపులు ఒక్కొక్కటీ కొనుక్కోలేకపోతే ఆటోనగర్ సంఘాలు కొన్నిటిని ఉమ్మడిగా కొని అద్దెకు ఇవ్వవచ్చు. ఆ అద్దెను బిల్లులో వేరే పద్దుగా చూపించినా అభ్యంతరం చెప్పవద్దని సాటి కారు యజమానులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం